బాజీ కట్టిన గుడ్డు

భవానీపురంలో బాజీలకు కొదవలేదు. సైకిలు షాపు బాజీ ఉన్నాడు, ఐసు బాజీ ఉన్నాడు. మన బాజీని మాత్రం ముఖం మీద కిరీటాల బాజీ అనేవారు, అటు తిరగ్గానే అనుమానాల బాజీ అనేవారు. ఆ రెండో పేరు తనకు తెలియదని వీధివాళ్ళు అనుకున్నారు గానీ, ఎవరెవరు ఎక్కడ నిలబడి అన్నారో కూడా అతనికి తెలుసు.

మసీదుకు వెళ్తే ఒక చెప్పు గుమ్మానికి ఈ పక్కన, రెండోది ఆ పక్కన విడిచేవాడు. ఒంటి చెప్పు ఎవడూ ఎత్తుకుపోడని అతని లెక్క. మంగలి షాపులో ఎదురుగా గోడంత అద్దమున్నా చాలదు, చేతిలో ఇంకో అద్దం పట్టుకుని వెనక ఏం జరుగుతోందో చూసుకునేవాడు. వన్‌టౌన్‌లో రంగులు కొంటే డబ్బా మూత అక్కడే తీయించి, వేలు ముంచి, "ఇందులో సుద్ద కలిపావు" అని షాపువాడితో గొడవకు దిగేవాడు. ఎప్పుడో ఒకసారి నిజంగానే కలిపి ఉండేది. ఆ ఒక్కసారి చాలదూ, మరో ఏడాది పాటు అందరినీ అనుమానించడానికి!

కానీ చేతిలో పని ఉంది మహానుభావుడికి. అది ఒప్పుకోవాలి. వాళ్ళ నాన్న పీర్ల పండక్కి ఊరేగించే కాగితం గోపురాలు, తాబూతులు కట్టేవాడు. వెదురు బద్దలు, పాత న్యూస్‌పేపర్లు, చింతగింజల జిగురు, ఇవే ఆ ఇంటి ఆస్తి. కృష్ణా జిల్లాలో పద్యనాటకం ఆడని ఊరు లేని రోజుల్లో కంపెనీలన్నీ కిరీటాలకూ గదలకూ బాజీ షెడ్డు ముందు నిలబడేవి. అతను చేసిన గద చూస్తే జనానికి గుండె జారేది, ఎత్తిన భీముడికి పూలసజ్జ ఎత్తినట్టుండేది. నాన్న పెట్టిన కట్టుబాటు ఒకటి మాత్రం తప్పలేదు. బొమ్మంతా చేసేవాడు గానీ, ప్రాణం పొయ్యడం దేవుడి పనని కళ్ళు పెట్టేవాడు కాదు. కళ్ళు కంపెనీవాళ్ళే ఎవరిచేతైనా పెట్టించుకోవాలి.

తర్వాత ఏముంది? టీవీ వచ్చింది, నాటకాలు పోయాయి. థర్మోకోలు వచ్చింది, బాజీ పని పోయింది. పెళ్ళి స్టేజీకి రెండు హంసలు కోసివ్వమని అడిగేవాళ్ళే తప్ప, వెదురు బద్ద పట్టించే నాథుడు లేడు. బాజీ భార్య సాజిదాకు ఏలూరులో తారిక్ అని ఒక తమ్ముడున్నాడు. చెప్పుల షాపు పెట్టాడు. "బావా, ఆ షెడ్డు మూసేసి వచ్చెయ్, కౌంటర్లో కూర్చుందువుగాని" అని నెలకోసారి కబురు పెట్టేవాడు. బాజీకి అది ఉద్యోగంలా కాదు, చావులా వినిపించేది. అయినా ఇల్లు గడవాలిగా. ఈ వేసవి దాటేలోపు చెప్పుకోదగ్గ పని రాకపోతే ఏలూరు వెళ్ళిపోదామని సాజిదాకు మాటిచ్చేశాడు. అది తొంభై మూడో సంవత్సరం.

ఏప్రిల్లో ఒక ఉదయం శ్రీలలిత ఆటో దిగింది. కూచిపూడి ఊళ్ళో పుట్టి పెరిగిన పిల్ల, గవర్నర్‌పేటలో ఒక మేడ మీద డాన్సు స్కూలు నడుపుతోంది.

"నాకో గుడ్డు కావాలి బాజీగారూ" అంది.

"కొట్టు ఆ మలుపులో ఉందమ్మా" అన్నాడు బాజీ.

"తినేది కాదండీ! మనిషి పట్టేంత గుడ్డు."

బాజీ కళ్ళు చిట్లించి చూశాడు. శ్రీలలిత అరుగు మీద కూర్చుని, చేతులు తిప్పుతూ మొదలుపెట్టింది. నృత్యరూపకం వేస్తోందట. లోకం ఎలా పుట్టిందో ఒక్కో దేశంవాళ్ళు ఒక్కోలా చెప్పుకున్నారు గానీ, చాలామంది గుడ్డు దగ్గరే మొదలుపెట్టారట. అంతా నీళ్ళే ఉన్నప్పుడు వాటి మీద బంగారు గుడ్డు తేలిందనీ, అందులోంచి బ్రహ్మ వచ్చాడనీ మనవాళ్ళు అన్నారు. చైనావాళ్ళ కథలో గుడ్డు లోపల పర్వతమంత మనిషి నిద్రపోతుంటాడు. లేచి ఒళ్ళు విరుచుకునేసరికి తేలికదంతా పైకి పోయి ఆకాశమైంది, బరువుదంతా కిందికి దిగి నేలైంది. ఫిన్లాండు అని మంచు కురిసే దేశం ఉంది. అక్కడ నీళ్ళలో పడుకున్న తల్లి మోకాలి మీద బాతు గుడ్లు పెట్టింది, ఆవిడ కాలు కదిపేసరికి అవి జారి పగిలాయి, పచ్చసొన సూర్యుడైంది. గ్రీసువాళ్ళ గుడ్డుకు పాము చుట్టుకుని ఉంటుంది. ఎక్కడో పసిఫిక్ సముద్రం దీవుల్లో, దేవుడు చీకట్లో ఒక్కడే పెంకు లోపల కూర్చుని, విసుగెత్తి పగలగొట్టుకుని వచ్చి, ఆ పెంకు ముక్కలతోనే ఆకాశం కట్టాడు.

"అయిదు దేశాలకూ ఒకటే గుడ్డండీ. లోపల రంగు దీపాలు మారాలి. ఆఖర్న నిజంగా పగలాలి, పొగ రావాలి, నేను బయటికి రావాలి."

బాజీ గడ్డం గోక్కున్నాడు. "ఒకళ్ళనొకళ్ళు చూసుకోనివాళ్ళు అందరూ గుడ్డే అన్నారా? ఎవడో ఒకడు కాపీ కొట్టాడమ్మా."

శ్రీలలిత పగలబడి నవ్వింది. నవ్వు ఆగాక, "నా భయమూ అదేనండీ" అంది. ఎదురు మేడ మీద ఇంకో డాన్సు స్కూలుందట. ఈమె ఏం చేస్తే వాళ్ళు వారం తిరక్కుండా అదే చేస్తారట. "అందుకే ప్రోగ్రాం అయ్యేదాకా మీ ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ చెప్పకండి."

"అది సరే. పెద్ద పెద్ద సెట్టింగులవాళ్ళుండగా బ్రహ్మగారి గుడ్డు కోసం నన్ను వెతుక్కుంటూ ఎందుకొచ్చారు? అందులోనూ ఈ ఏడాది?"

ఈ ఏడాది అన్న మాట అతను ఊరికే అనలేదు. డిసెంబరులో అయోధ్య, మార్చిలో బొంబాయిలో బాంబులు. భవానీపురంలో ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. కానీ బాజీ వెళ్ళి నిలబడగానే టీకొట్టు దగ్గర మాట మారిపోయేది. మారిందని అతనికి అనిపించేదో మరి, మనిషి సంగతి తెలిసిందేగా.

"నేను చిన్నపిల్లప్పుడు మా ఊరికి మీరు ఆదిశేషుడు పడగలు చేసిచ్చారండీ. ఆ పడగలు ఆడేవి. రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు" అంది శ్రీలలిత.

బాజీ ఆ మాట ఇంకోసారి చెప్పించుకున్నాడు. అంత సంతోషం కలిగి ఎన్నేళ్ళయిందో అతనికే గుర్తులేదు. గుడ్డుకు కళ్ళు పెట్టే పని కూడా లేదాయె. చేస్తానన్నాడు.

సరే, ఒప్పుకున్నవాడు పని చేసుకోవచ్చుగా? శ్రీలలిత ఇంట్లోవాళ్ళకు చెప్పుకోవచ్చంది. బాజీకి ఆ మాటే నచ్చలేదు. ఏ రహస్యమైనా బయటికి పోయేది ఇంట్లోంచే కదా! సాజిదాది చల్లపల్లి. మాట కడుపులో దాగదని ఆమె మీద బాజీకి పెళ్ళయిన కొత్తలోనే ఒక అనుమానం. నిజానికి పాపం ఆమె వీధిలో చెప్పుకున్నదల్లా ఈయన అనుమానాల గురించే. వాకిలి పక్కనున్న షెడ్డుకు తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. జిగురు ఆరాలంటే ఎండ కావాలి కాబట్టి షెడ్డు ముందు తాటాకు దడి కట్టి, దాని పైన పాత నాటకం తెరలు వేలాడదీశాడు. వీధిలోకి ఒకవైపు రాజదర్బారు, ఒకవైపు అడవి కనిపించేవి.

ఆ గుడ్డు పని అంత తేలికేం కాదు. గడ్డితో గుడ్డాకారం కట్టి, మట్టి మెత్తి, దాని మీద కాగితం పొర మీద పొర అతికించి, ఆరాక మట్టీ గడ్డీ తవ్వి తీశాడు. లోపల వెదురు బద్దలు వంచి తాడుతో బిగించాడు. తాడు లాగితే బద్దలు తన్నుతాయి, పెంకు నిలువునా పగులుతుంది. బందులు పెట్టి తలుపులా తెరవొచ్చు. అలా చేస్తే జనానికి తలుపే కనిపిస్తుందనుకున్నాడు. పగిలితే నిజంగా పగలాలి, అంటే ఒక్కసారే పగలాలి. మొదట చేసింది ఆరకముందే చీలిపోయింది. రెండోది నిలిచింది. అడుగున మాత్రం తెరిచి ఉంచాడు. ఒక పక్కకు ఒరగ్గొడితే మనిషి దూరొచ్చు.

షెడ్డును ఆనుకుని ఉన్న ఇంటిలో రామకోటేశ్వరరావు గారు ఉండేవారు. కాలవల ఆఫీసులో రిటైరైన మనిషి. పొద్దున్నే గోడ మీద మోచేతులానించి ఊరి సంగతులన్నీ కనుక్కోవడం ఆయన అలవాటు.

"ఏమయ్యా బాజీ, ఏం కడుతున్నావు లోపల?"

ఆయన మనవరాలు డాన్సు నేర్చుకుంటోందని బాజీకి తెలుసు. ఏ స్కూల్లోనో తెలియదు. తెలియకపోవడమే కదా అనుమానానికి బలం!

"నీళ్ళ తొట్టండీ" అన్నాడు.

అదే రోజు పాలు పోసే మరియదాసు అడిగితే, "పెళ్ళివాళ్ళ పందిరికి గుమ్మటం" అన్నాడు. అబద్ధమాడేవాడు అందరికీ ఒకటే ఆడాలన్న ఇంగితం లేకపోయింది. మరియదాసు రావుగారింటికీ పాలు పోస్తాడు. సాయంత్రానికల్లా తొట్టీ గుమ్మటమూ ఎదురుపడ్డాయి.

ఇంకో నాలుగు రోజులకు, పొద్దుగూకే వేళ దడి పైన ఆకాశం ఎర్రగా వెలిగింది, ఆరింది, పచ్చగా వెలిగింది. స్కూటరు బ్యాటరీ పెట్టి బాజీ దీపాలు చూసుకుంటున్నాడు. వీధిలో వెళ్ళేవాళ్ళు ఆగి చూసి, మాట్లాడకుండా నడిచిపోయారు. మర్నాటి నుంచి టీకొట్టు దగ్గర మాట నిజంగానే మారడం మొదలైంది. బాజీకి మాత్రం తేడా తెలియలేదు. ఎప్పుడూ మారుతూనే ఉందనుకునేవాడికి ఏం తెలుస్తుంది?

ఇవన్నీ ఒక ఎత్తు. పొగ మందు ఒక ఎత్తు. స్టేజీ మీద దేవుడు ప్రత్యక్షమయ్యేటప్పుడు భగ్గుమని లేస్తుందే, ఆ మందు. షెడ్డులో చెమ్మ తగులుతుందని దాన్ని పొట్లం కట్టి, చుట్టూ వైర్లు చుట్టి, ఇంట్లో ఖాళీ బియ్యం డబ్బాలో దాచాడు. సాజిదా ఆ డబ్బా కడుగుదామని తీసింది.

బూడిదరంగు పొడి, వైర్లు. బొంబాయి ఫోటోలు పేపర్లో ఆమె కూడా చూసింది.

"ఏంటండీ ఇది?"

"నీకెందుకు?" పొట్లం లాక్కున్నాడు బాజీ.

"ఆ షెడ్డులో ఏం చేస్తున్నారు? ఎవరికోసం చేస్తున్నారు?"

"నీకెందుకంటున్నానా! నోరు మూసుకుని పని చూసుకో."

అంత కటువుగా అతను ఎప్పుడూ మాట్లాడలేదు. సాజిదా ఆ రోజంతా అన్నం ముట్టలేదు. ఇరవయ్యేళ్ళు కాపురం చేసిన మనిషిని కూర వడ్డిస్తూ దొంగచాటుగా చూసింది. అతను అలాంటి పని చెయ్యడని అనుకునేది, మరి తాళం నాక్కూడా ఎందుకు వేశాడనుకునేది.

ఆదివారం ప్రోగ్రాం. శనివారం ఉదయం పదింటికి వీధి చివర జీపు ఆగింది. ఎస్సై, వెనక ముగ్గురు కానిస్టేబుళ్ళు. వీధి వీధంతా ఇళ్ళముందుకొచ్చి నిలబడింది. బాజీ చూపు తిన్నగా గోడమీద మోచేతుల దగ్గరికి పోయింది. రావుగారు తల దించుకున్నారు. హమ్మయ్య, దొరికాడు ముసలాయన అనుకున్నాడు బాజీ. ఆ పరిస్థితిలో కూడా తన అనుమానం నిజమైనందుకు లోపల ఎక్కడో తృప్తి పడ్డాడంటే ఏమనాలి ఆ మనిషిని!

తెర లాగారు. ఎండలో బంగారు రంగు గుడ్డు, మనిషెత్తున. అడుగునుంచి వైర్లు. కానిస్టేబుళ్ళు గబుక్కున వెనక్కి జరిగారు.

"ఏంటిది?" అన్నాడు ఎస్సై.

"గుడ్డండీ."

"తమాషాగా ఉందా?"

"లేదండీ, సృష్టి గుడ్డండీ. బ్రహ్మగారు పుట్టే గుడ్డు. రేపు ప్రోగ్రాం ఉంది. లోపల బల్బులూ చిటికెడు పొగ మందూ తప్ప ఏమీ లేవు, వంగి చూడండి."

"వంగేది నేనా? నువ్వు దూరు ముందు. దూరి దీపాలు వేసి చూపించు. తేడా వచ్చిందో..."

బాజీ గుడ్డును ఒరగ్గొట్టి లోపలికి పాకాడు. పెంకు మళ్ళీ నేలకు ఆనింది. లోపల ఉక్కపోత, జిగురు వాసన. ఎర్ర దీపం వేశాడు, పచ్చది వేశాడు. బయటివాళ్ళు కనిపించడం లేదు గానీ, కాగితం పెంకు కదా, మాటలు చెవి పక్కనే అన్నట్టున్నాయి.

"తొట్టన్నాడు సార్ నాతో" అంటున్నది రావుగారి గొంతు కాదు, ఇంకెవరిదో. అంటే ఊరంతా పాకిందన్నమాట. "నాకైతే ఎప్పుడూ అనుమానమేనండీ" అంది ఇంకో గొంతు. ఆ గొంతు బాజీకి తెలుసు. అయిదేళ్ళ కిందట ఆ మనిషి కూతురి పెళ్ళికి హంసలు కోసిచ్చింది తనే.

"అసలు కంప్లైంటు ఇచ్చిందెవరు?" అన్నాడు ఎస్సై.

"నేనేనండీ" అన్నారు రామకోటేశ్వరరావు గారు. "నాకే ఏదో తేడాగా అనిపించి..."

తెలుసు నాకు, తెలుసు అని బాజీ లోపల పళ్ళు కొరుక్కుంటున్నాడు.

"కాదండీ." అది సాజిదా గొంతు. "ఆయన తప్పేం లేదు. రావు అన్నయ్యగారిని పంపించింది నేను. డబ్బాలో మందు చూసి నేనే భయపడ్డాను."

బాజీ చేతిలో దీపం బటన్ జారిపోయింది. లోకంలో ఎవరిని అనుమానించాలన్నా అతని దగ్గర ఒక కారణం సిద్ధంగా ఉండేది. ఈ మాట వింటాననే అనుమానం మాత్రం ఏనాడూ రాలేదు. ఏడుపొచ్చింది. వీధి వినకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఆ తాడెందుకు? లాగు, చూద్దాం" అన్నాడు ఎస్సై.

"లాగితే పగిలిపోతుందండీ" అన్నాడు బాజీ లోపల్నుంచి. "ఒక్కసారే పగుల్తుంది. రేపటికి ఇంకోటి చెయ్యలేను. ఇది పోతే నా పని ఆఖరండీ."

"పగలగొట్టి చూపించు, లేదంటే పట్టుకెళ్ళి కృష్ణలో పడేయిస్తా. అందరూ వెనక్కి జరగండి!"

అడుగులు దూరంగా జరిగాయి. బాజీ తాడు పట్టుకున్నాడు. అంతలో పెంకు ఒక పక్కకు లేచింది. వెలుగొచ్చింది, ఆ వెంటే సాజిదా తల వచ్చింది. కొంగు నోట కరుచుకుని, మోకాళ్ళ మీద పాక్కుంటూ వచ్చి అతని ఎదురుగా కూలబడింది.

"ఏయ్ అమ్మా! బయటికి రా!" ఎస్సై కేక.

"రానండీ!" అని లోపల్నుంచే అరిచింది సాజిదా. "అనుమానపడింది నేను. ఏదన్నా ఉంటే ముందు నేనే పోతాను. పగలగొట్టనివ్వను!"

బయట గుసగుసలు లేచాయి. ఆడమనిషి దూరి కూర్చున్నాక తను అంత దూరాన నిలబడితే బాగోదనుకున్నాడో ఏమో, ఎస్సై బూట్లు దగ్గరికొచ్చాయి. పెంకు ఇంకాస్త లేచింది. టార్చి వెలుగు పడింది. మోకాళ్ళు గడ్డాలకు ఆనించుకుని మొగుడూ పెళ్ళాలిద్దరు, అయిదు బల్బులు, అగ్గిపెట్టెంత పొగ మందు పొట్లం. ఎస్సై పొట్లం తీసి వాసన చూసి, చిటికెడు నేలమీద వేసి అగ్గిపుల్ల గీశాడు. బుస్సుమని పొగ లేచింది, వీధిలో పిల్లలు కేరింతలు కొట్టారు.

"ఇంతోటిదానికి రహస్యమేంటయ్యా? పేపర్లో వేయించుకోవాల్సింది" అంటూ పెంకు జాగ్రత్తగా కిందికి దించి వెళ్ళిపోయాడు. జీపు కదిలింది. రావుగారు అందరినీ వెళ్ళండి వెళ్ళండి అని అదిలిస్తున్నారు.

లోపల ఇద్దరూ కదల్లేదు. పచ్చ దీపం ఇంకా వెలుగుతోంది. సాజిదా పెంకును వేలితో తడిమి చూసింది.

"చెప్పండి ఇప్పుడైనా. ఏంటిది?"

బాజీ చెప్పాడు. నీళ్ళ మీద తేలిన గుడ్డు, నిద్రపోయిన మనిషి, బాతు, పాము, చీకట్లో ఒంటరి దేవుడు, అన్నీ చెప్పాడు. ఒక్కో కథకు ఒక్కో దీపం వేసి చూపించాడు. సాజిదా చెంపలు తుడుచుకోవడం కూడా మరిచిపోయి వింది.

"ఇంత మంచిది నాకు చెప్తే ఏం పోయేది?"

"ఇంట్లోవాళ్ళకు చెప్పుకోమనే అంది ఆ అమ్మాయి."

"మరి?"

బాజీ ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు. "నువ్వు ఎవరికైనా చెప్పేస్తావేమోనని."

"మీరు చెప్పకపోయినా చెప్పానుగా" అంది సాజిదా.